లక్ష్మీకాంతం నేల మీంచి లేచిన వైనం

ఐర్లండులోని డ్రోహెడాలో లక్ష్మీకాంతాన్ని ఎరగని తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు నిన్న సాయంత్రం విమానం దిగినవాళ్ళయి ఉండాలి. దిగిన వారం లోపల ఆమె ఇంట్లో పులిహోర తినకుండా, పులిహోరతో పాటు ఆమె కోసే కోతలు వినకుండా, ఆ ఊళ్ళో ఏ తెలుగువాడికీ అద్దె ఇల్లు దొరికిన దాఖలా లేదు.

బాపట్లలో వాళ్ళ తాతగారు శీర్షాసనం వేస్తే ఆయన పాదాల మధ్య పిచ్చుక గూడు కట్టిందని ఆమె చెప్పేది. పిచ్చుక గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆ మహానుభావుడు కిందికి దిగలేదు. మొదటిసారి చెప్పినప్పుడు అది ఒక్క పిచ్చుకే. డ్రోహెడాలో గడిచిన పదిహేడేళ్ళలో అవి మూడు జతలయ్యాయి. నమ్మనివాళ్ళకి రెండోసారి పులిహోర వడ్డించదు కాబట్టి అందరూ నమ్మేవారు.

ఆమె భర్త రంగనాథ్ ఆ ఊరి పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు. ఆమె ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో మానేసింది. మానేసిందంటే ఆమె ఒప్పుకోదు. కాలేజీయే తనని తట్టుకోలేక చేతులెత్తేసిందంటుంది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. నిండైన మనిషి. గొంతు వీధి చివరి దాకా నడుస్తుంది, మోకాళ్ళు మాత్రం వీధి మొదట్లోనే ఆగిపోతాయి.

కరోనా వచ్చిన రెండో ఏడు, ఏప్రిల్లో, పెళ్ళిరోజు కానుకగా రంగనాథ్ ఆమెకి ఒక కుర్చీ తెప్పించాడు. మామూలు కుర్చీ కాదు. పక్కనున్న మీట నొక్కితే బుర్రుమని పైకి లేచి, కూచున్న మనిషిని ముందుకి వంచి, కాళ్ళ మీద నిలబెట్టి వదిలే కుర్చీ. ఆసుపత్రిలో అటువంటి కుర్చీల మీద ఆయనకి ఎంత నమ్మకమంటే, దాన్ని హాల్లో పెట్టించేటప్పుడు పట్టుచీర తెచ్చినవాడి మొహం పెట్టాడు. లక్ష్మీకాంతం ఒకే ఒక్కసారి దాంట్లో కూచుంది. మీట నొక్కింది. బిందెలో నీళ్ళు ఒంపినట్టు అది తనని హాల్లోకి ఒంపేసిందని ఆ రోజంతా ఫోన్లో ఊరంతటికీ చెప్పింది. మర్నాటినుంచి ఆరిన బట్టలు దాని మీద పడేయడం మొదలుపెట్టింది.

బట్టల గుట్ట చూసి రంగనాథ్ చిన్నబుచ్చుకున్నాడు. ఎక్స్‌రే చూసినప్పుడు రోగులతో మాట్లాడే గొంతు ఒకటుంది ఆయన దగ్గర. ఆ గొంతుతో అన్నాడు.

"నీ మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది కాంతం. నేల మీద మాత్రం కూచోకు. కూచుంటే లేవలేవు."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే లక్ష్మీకాంతం పదిహేను నిమిషాలు జవాబు చెప్పేది. ఆ రోజు ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట నిజం. అది నిజమని ఆయనకి ఎక్స్‌రే ద్వారా తెలుసు, ఆమెకి ఇంకో దారిలో తెలుసు.

అంతకు ముందు నవంబరులో, ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజుల్లో, ఒక పొద్దున ఆమె ఇంట్లో ఒంటరిగా ఉంది. రంగనాథ్ డ్యూటీలో ఉన్నాడు. కూతురు నీలిమ దూరాన స్లైగో ఊరి ఆసుపత్రిలో డాక్టరు, రావాలన్నా రాలేదు. వంటింటి కింది ప్రెస్‌లో, ఈ దేశంలో అలమరాని అలాగే అంటారు, వెనకెక్కడో చింతపండు డబ్బా ఉంది. వంగితే అందలేదు. నేల మీద చతికిలబడి డబ్బా తీసింది. ఆ తరవాత లేవలేకపోయింది.

మొదట నవ్వొచ్చింది. తరవాత ప్రెస్ తలుపు పిడి పట్టుకుని లేవబోయింది. పిడి ఊడి చేతిలోకొచ్చింది. ఫోను మేడ మీద చార్జింగులో ఉంది. అది మూడుసార్లు మోగి ఊరుకోవడం వినబడింది. ఫ్రిజ్ గుర్రుమని ఆగడం, మళ్ళీ గుర్రుమనడం లెక్కబెట్టింది. పదింటికి కూచున్న మనిషికి, మేడమెట్లు ఉన్నాయన్న సంగతి పన్నెండు దాటాక గానీ తట్టలేదు. కూచునే జరుగుతూ జరుగుతూ మధ్య మధ్య ఆగుతూ హాలు దాటి, మొదటి మెట్టు మీదకి ఒళ్ళు ఎక్కించి, అక్కణ్ణుంచి రెండోదాని మీదకి, అక్కణ్ణుంచి కాళ్ళ మీదకి వచ్చేసరికి గడియారం రెండు కొట్టింది.

పిడి సంగతి సాయంత్రం రంగనాథ్ అడిగితే, తాను కాస్త గట్టిగా లాగానని, తన చేతి బలం ఈ దేశపు చెక్కకి ఆగదని చెప్పింది. ఆయన నవ్వి, స్క్రూలు బిగించాడు. ఎలకని చూసి జడిస్తే దాన్ని పులిగా మార్చి నెలరోజులు చెప్పుకునే మనిషి, ఆ నాలుగు గంటల గురించి మాత్రం ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రోజు నుంచి ఫోను నైటీ జేబులోంచి తీయడం మానేసింది. అంతే.

మే నెల వచ్చింది. ఆరుబయట పదిహేను మంది దాకా కలిసి వ్యాయామం చేసుకోవచ్చని సర్కారు సెలవిచ్చింది. రెండు వీధుల అవతల ఉండే ఊర్మిళ, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, ఒక ప్రకటన పంపింది. బోయిన్ నది ఒడ్డున పచ్చిక మీద, మే చివరి శనివారం పొద్దున పదింటికి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి యోగా క్లాసు. నేర్పేది ఓర్లా అనే ఐరిష్ ఆవిడ. ఊర్మిళ సరదాకి పంపింది, ఆంటీ చూసి నవ్వుతుందని. ఆంటీ చూసి ఫోన్ చేసింది. ఊర్మిళకి కాదు, ఓర్లాకి.

లక్ష్మీకాంతం ఇంగ్లీషుకి ఎముకలు బాపట్లవి, పైన చర్మం డ్రోహెడాది. ఓర్లాకి అది బాగానే అర్థమైంది. ఓర్లా రెండు షరతులు చెప్పింది. ఎవరి చాప వాళ్ళు తెచ్చుకోవాలి. రెండోది ముఖ్యం. మహమ్మారి రోజులు కాబట్టి తాను రెండు మీటర్ల లోపలికి ఎవరి దగ్గరికీ రాదు, ఎవరినీ ముట్టుకోదు, చెయ్యి అందించదు. అందుకని ఎవరికి వాళ్ళు నేల మీద పడుకుని, ఎవరికి వాళ్ళు లేవగలగాలి. లేవలేనివాళ్ళకి కుర్చీ యోగా ఉంది, కంప్యూటర్లో, ఇంట్లో కూచునే చేసుకోవచ్చు. మీకు ఏది కావాలి అని అడిగింది.

కుర్చీ అన్న మాట వినగానే లక్ష్మీకాంతం చూపు బట్టల గుట్ట మీదకి వెళ్ళింది. ఇక నోరు ఆగలేదు. మేము నేల మీద పుట్టి, నేల మీద తిని, నేల మీద పెళ్ళి చేసుకునే జాతి అని చెప్పింది. మా వైపు కుర్చీలు చుట్టాల కోసం ఉంచుతామంది. పనిలో పనిగా తాతగారి పిచ్చుకలు కూడా ఓర్లా చెవిన పడ్డాయి. పిచ్చుకలన్నీ ఎగిరిపోయాక, గ్రాండ్, అంటే ఈ దేశంలో సరే అన్నమాట, అయితే శనివారం కలుద్దాం అని ఓర్లా ఆమె పేరు రాసుకుంది.

ఫోన్ పెట్టేశాక లక్ష్మీకాంతం హాల్లో నిలబడి తన మోకాళ్ళ వంక చూసుకుంది. నోరు ముందే వెళ్ళి పచ్చిక మీద చోటు పట్టేసింది. కాళ్ళు వెనకాల రావాలి. ఇంకా మూడు వారాలు ఉంది.

ఈ సంగతి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గుంపులో పడ్డాక చలిలో కూడా వేడి పుట్టింది. శాంత అనే ఆవిడ, నోటికి లక్ష్మీకాంతంతో సరితూగగల ఒకే ఒక్క మనిషి, వెంటనే ఫోన్ చేసింది.

"యోగా మనది కదా వదినా. మనది మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవడమేమిటి, పరువుతక్కువగా?"

"పప్పు కూడా మనదే శాంతా. నువ్వు వండింది ఎవరైనా తింటున్నారా?"

శాంత ఫోన్ పెట్టేసింది. గుంపులో మాత్రం నవ్వు మొహాలు రెండు రోజులు కురిశాయి. పద్మాసనంలో ఇరుక్కుపోయిన ఏనుగు బొమ్మ ఒకటి ఎవరో పెట్టారు. లక్ష్మీకాంతం దాన్ని తన పేరు పక్కన ఫోటోగా పెట్టుకుంది. నవ్వేవాళ్ళు ఇంకా దగ్గరగా చూసి నవ్వుకోవడానికి వీలుగా ఉంటుందని రాసింది. ఆ తరవాత గుంపు కాస్త చల్లబడింది.

తయారీ మొదలైంది. బట్టల దుకాణాలు ఇంకా సరిగ్గా తెరవలేదు. నీలిమ కాలేజీ రోజుల ట్రాక్ ప్యాంటు అటక మీద దొరికింది గానీ అది ఆమె ఒక కాలికే సరిపోయింది. చివరికి రంగనాథ్ క్రికెట్ ఆడిన కాలంలో కొన్న తెల్ల ప్యాంటు నడుముకి కొత్త నాడా ఎక్కించి, దాని మీదకి పొడుగు కుర్తా ఖాయం చేసింది. అందరూ కొనే రబ్బరు చాప తనకి అక్కర్లేదంది. బాపట్ల నుంచి వచ్చిన తుంగచాప మంచం కింద చుట్ట చుట్టి ఉంది. దులిపితే పదిహేడేళ్ళ నాటి దుమ్ము లేచింది. దాన్ని హాల్లో తివాచీ మీద, మేడమెట్లకి సరిగ్గా ఎదురుగా పరిచింది. ఓడిపోతే వెనక్కి వెళ్ళే దారి ముందే చూసుకుందన్నమాట.

రోజూ రంగనాథ్ కారు వీధి మలుపు తిరగగానే ఆమె చాప మీద కూలబడేది. కూలబడటంలో ఏ ఇబ్బందీ లేదు, భూమే సాయం చేసేది. బాసింపట్టు వేసుకుని, వీపు నిటారుగా పెట్టి, చేతులు రెండూ మోకాళ్ళ మీద ఆనించి, ఊపిరి బిగబట్టి పైకి లేవబోయేది. పిరుదులు చాపని వదిలి జానెడు లేచేవి. అక్కడ కాసేపు ఆలోచించుకుని మళ్ళీ కిందికి వచ్చేవి. పది సార్లు, పదిహేను సార్లు. ఆ తరవాత కూచునే జరుగుతూ వెళ్ళి మెట్ల మీంచి లేచేది. మొదటి వారం అంతా మెట్లే గెలిచాయి. రెండో వారం మొదట్లోనూ అవే గెలిచాయి. మోకాళ్ళకి రాసుకున్న తైలం వాసన దాచడానికి ఇంట్లో రోజూ ఇంగువ వేసిన వంటలే వండింది. ఆ వారం రంగనాథ్ తిన్నంత ఇంగువ బాపట్లలో ఏ పెళ్ళివారూ తిని ఉండరు.

రెండో వారం గురువారం నాడు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది.

నాలుగోసారో అయిదోసారో లేవబోయి చతికిలబడి, రొప్పుతూ కూచుని ఉండగా వంటింట్లోంచి ఆ సన్నటి చప్పుడు వినబడింది. పాలు అంచు దాటే ముందు గిన్నె చేసే చప్పుడు. ముప్పై అయిదేళ్ళుగా ఆ చప్పుడుకి ఆమె పొయ్యి దగ్గర లేని రోజు లేదు. స్టవ్ ఆర్పేసింది. పొంగిన కాస్తా గుడ్డతో తుడిచింది. గుడ్డ పిండి ఆరేయబోతూ ఆగిపోయింది.

తాను నిలబడి ఉంది.

మెట్ల దాకా వెళ్ళలేదు. మెట్ల దాకా వెళ్తే పాలు ఈపాటికి వీధిలోకి వచ్చి ఉండేవి. ఎలా లేచిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుడ్డ వదిలేసి చేతుల వంక చూసుకుంది. ఎడం అరచేతి మీద తివాచీ నేత ఎర్రగా అచ్చు పడి ఉంది. ఎడం చెయ్యి నేలకి ఆనించి, పక్కకి ఒరిగి, మోకాళ్ళ మీదకి తిరిగి, అక్కణ్ణుంచి లేచిందన్నమాట.

లక్ష్మీకాంతం నెమ్మదిగా వచ్చి మెట్టు మీద కూచుంది. నవంబరు నాలుగు గంటల్లో గానీ, ఈ పన్నెండు రోజుల్లో గానీ ఒక్కసారి కూడా ఆ చెయ్యి నేలకి ఆనించలేదని అప్పుడు అర్థమైంది. ఆనించకూడదన్న ఆలోచన కూడా రాలేదు. చెయ్యే వెళ్ళలేదు. ఎందుకంటే బామ్మ. బంతిలో భోజనానికి కూచున్నప్పుడు ఏ పిల్లైనా ఎడం చెయ్యి నేలకి ఆనిస్తే, అంతే సంగతులు, బామ్మ వెనకనుంచి వచ్చి తొడపాశం పెట్టేది. ఎడం చెయ్యి ఆనించి తినేవాళ్ళూ, ఆనించి లేచేవాళ్ళూ బామ్మ లెక్కలో పెంపకం లేనివాళ్ళు. బామ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. తొడ మాత్రం మరిచిపోలేదు.

ఖాళీ హాల్లో లక్ష్మీకాంతం బామ్మతో పైకే మాట్లాడింది. నువ్వు డెబ్భై ఏళ్ళప్పుడు కూడా చెయ్యి ఆనించకుండా లేచావు, ఒప్పుకుంటాను అంది. రోజుకి నలభైసార్లు నేల మీద కూచుని లేచిన మనిషివి నువ్వు. నేను పదిహేడేళ్ళు సోఫాలో ఉన్నాను. నీ తొడపాశం నీ దగ్గర ఉంచుకో, నా చెయ్యి నేను ఆనించుకుంటాను. ఇలా చెప్పి చాప మీద కూలబడి, ఎడం చెయ్యి నేలకేసి గట్టిగా ఆనించింది. తొడ ఒక్క క్షణం జివ్వుమంది. లెక్క చెయ్యలేదు. పక్కకి ఒరిగింది, మోకాళ్ళ మీదకి తిరిగింది, ఒక కాలు ముందుకి వేసింది, మూలిగింది, లేచింది. ఆ మధ్యాహ్నం ఆరుసార్లు లేచింది. ఏడోసారి లేవలేక మెట్ల సాయం తీసుకుంది, కానీ ఇప్పుడు ఆ మెట్ల మీద ఆమెకి కోపం లేదు.

క్లాసు ముందు రోజు శుక్రవారం, రంగనాథ్ తన క్రికెట్ ప్యాంటు ఇస్త్రీ చేసి వేలాడుతుండటం చూశాడు. అంతవరకూ ఆయన ఇదంతా వాట్సాప్ వేళాకోళం అనుకుంటున్నాడు. నాడా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. వర్షం పడుతుందని, గడ్డి జారుతుందని, ఈ వయసులో తుంటి విరిగితే ఎన్ని నెలలో లెక్కలు చెప్పాడు. ఆవిడ చెయ్యి కూడా అందించదట కదా, పడితే ఎవరు లేపుతారని అడిగాడు.

"అంబులెన్స్ వస్తుంది. తిన్నగా నా వార్డుకే తెస్తారు నిన్ను."

"తేనీయండి. ఏడాదిన్నరగా మీరు ఉండేది అక్కడే కదా. మొగుడూ పెళ్ళాం ఒకచోట ఉన్నట్టు ఉంటుంది."

రంగనాథ్ ఎక్స్‌రే గొంతు బయటికి తీశాడు.

"హాస్యం కాదు కాంతం. నువ్వు నేల మీంచి లేవలేవు."

లక్ష్మీకాంతం పోపు గరిటె పక్కన పెట్టింది.

"పందెం వేసుకుందాం. రేపు అక్కడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవలేకపోతే, వచ్చి ఆ కుర్చీలో కూచుంటాను. మళ్ళీ నేల ఊసెత్తను. లేచానా, ఆ కుర్చీ గుమ్మం దాటాలి."

"ఎవరు సాక్షి? నువ్వు చెబితే పిచ్చుకలు వాలాయని కూడా చెబుతావు."

"ఊర్మిళ వస్తోంది నాతో. అది నాకంటే నిజం చెబుతుంది."

ఆయన కాసేపు బట్టల గుట్ట వంక చూసి సరేనన్నాడు. గెలిచేది తానేనని ఎముకల డాక్టరుకి ఏ అనుమానమూ లేదు. లక్ష్మీకాంతానికి మాత్రం ఉంది. ఆ రాత్రి ఆమె ఎవరికీ ఏ కథా చెప్పకుండా పడుకుంది.

శనివారం పొద్దున పదింటికి బోయిన్ ఒడ్డున పద్నాలుగు రబ్బరు చాపలు, ఒక తుంగచాప పరుచుకున్నాయి. వాన అని చెప్పడానికి లేదు, లేదని చెప్పడానికీ లేదు. ఈ దేశంలో గాలే తడిగా ఉంటుంది. ఒక చివర పూర్వం గార్డుగా, అంటే ఈ దేశపు పోలీసుగా, పనిచేసిన డెబ్భై ఏళ్ళాయన నిక్కర్లో నిలబడి ఉన్నాడు. ఊర్మిళ వెనక వరసలో దాక్కుంది. ముందు వరసలోకి వెళ్ళొద్దు ఆంటీ, వెనకుంటే ఎవరూ చూడరు అని చెవిలో చెప్పింది. చూడాలనే వచ్చాను అని లక్ష్మీకాంతం వెళ్ళి ఓర్లాకి ఎదురుగా చాప వేసింది.

ఓర్లా సన్నగా, పొడుగ్గా, మాస్కు గడ్డం కిందకి దించి, అందరినీ పలకరించింది. తుంగచాప చూసి చాలా అందంగా ఉందంది. లక్ష్మీకాంతం దాని వయసు వంద సంవత్సరాలని, దాని మీద ముగ్గురు జమీందార్లు పడుకున్నారని చెప్పింది. ఊర్మిళ నెత్తి పట్టుకుంది.

అందరూ కూచున్నారు. ఊపిరి పీల్చారు, వదిలారు. మెడ తిప్పారు, భుజాలు తిప్పారు. లక్ష్మీకాంతం ఊపిరి వదులుతున్నా ఏమీ వినడం లేదు. ఎప్పుడు లేవమంటుందా అని మాత్రమే వింటోంది. పది నిమిషాలకి ఓర్లా ఆ మాట అంది. ఇప్పుడు మెల్లగా లేచి నిలబడదాం.

చుట్టూ పద్నాలుగు మంది ఎవరికి తోచినట్టు వాళ్ళు లేచారు. మాజీ గార్డు ఎద్దులా రంకె వేసి లేచాడు. లక్ష్మీకాంతం ఎడం చెయ్యి చాప మీద ఆనించింది. తడిగడ్డి మీద తుంగచాప జర్రున జారింది. చెయ్యి జారి మోచెయ్యి తగిలింది. ముందు వరసలో, అందరి ఎదురుగా, పక్కకి ఒరిగిపోయింది.

ఓర్లా అప్రయత్నంగా రెండడుగులు ముందుకి వేసి, రెండు మీటర్ల దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. చేతులు సగం చాచి ఉన్నాయి. లక్ష్మీకాంతం తల ఎత్తి ఆ చేతులు చూసింది. అరచెయ్యి పైకెత్తి ఆగమంది.

"అక్కడే ఉండమ్మా. నీ నియమం తప్పొద్దు."

తెలుగులోనే అంది. ఓర్లాకి అర్థమైంది. లక్ష్మీకాంతం వందేళ్ళ చాపని, ముగ్గురు జమీందార్లతో సహా, ఒక్క తోపు తోసి పక్కకి నెట్టేసింది. ఎడం చెయ్యి తిన్నగా పచ్చికలోకి గుచ్చింది. వేళ్ళ మధ్య చల్లటి మట్టి దిగింది. ఈసారి చెయ్యి జారలేదు. ఒరిగింది, మోకాళ్ళ మీదకి తిరిగింది. కుడికాలు ముందుకి రానంది. చేత్తో పట్టుకుని తెచ్చి ముందు పెట్టింది. వీధి చివరి దాకా వినబడే మూలుగు ఒకటి మూలిగి, లేచి నిలబడింది. తెల్ల క్రికెట్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర పచ్చగా, బురదగా అయింది. మాజీ గార్డు టోపీ లేని తలని వంచి నమస్కారం లాంటిది పెట్టాడు.

తరవాతి అరగంట ఏ ఆసనాలు వేశారో ఆమెకి పెద్దగా గుర్తులేదు. చివర్లో అందరూ వెల్లకిలా పడుకున్నారు. మొహం మీద తుంపర పడుతోంది. లేచే ముందు ఓర్లా మెల్లగా చెప్పింది. కుడి పక్కకి ఒత్తిగిలండి, కాసేపు ఆగండి, ఇప్పుడు ఎడం చెయ్యి నేలకి ఆనించి, దాని బలంతో పైకి రండి.

లక్ష్మీకాంతం తల తిప్పి చూసింది. పదమూడు మంది ఐర్లండు వాళ్ళూ, మన ఊర్మిళా కలిసి పద్నాలుగు ఎడం చేతులు నేలకి ఆనిస్తున్నారు. తాను మూడు వారాలు బామ్మతో పోట్లాడి గెలుచుకున్నదాన్ని ఈవిడ మొదటి రోజే అందరికీ ఉచితంగా పంచిపెట్టేస్తోంది. కొంచెం ఉక్రోషం వచ్చింది. ఆ సాయంత్రానికల్లా అది సర్దుకుంది. తాను లేచిన పద్ధతి చూసే ఓర్లా క్లాసులో ఆ పద్ధతి పెట్టిందని శాంతకి ఫోన్లో చెప్పింది.

రంగనాథ్ ఏడింటికి ఇంటికి వచ్చాడు. దారిలోనే ఊర్మిళకి ఫోన్ చేశాడు కాబట్టి సంగతి తెలుసు. హాల్లోకి వచ్చి చూస్తే బల్ల మీద కంచాలు లేవు. తివాచీ మీద దుప్పటి పరిచి, మధ్యలో అన్నం, పప్పు, అప్పడాలు పెట్టి, ఒక పక్కన లక్ష్మీకాంతం బాసింపట్టు వేసుకుని కూచుని ఉంది.

"తినాలంటే కిందికి రండి," అంది.

ఆయన ఆసుపత్రిలో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి. ఆకలి మీద ఉన్నాడు. సోఫా చెయ్యి పట్టుకుని దిగి కూచున్నాడు. ఇద్దరూ తిన్నారు. పెరుగన్నం అయ్యాక రంగనాథ్ లేవబోయాడు. జానెడు లేచి, ఆలోచించుకుని, మళ్ళీ కూలబడ్డాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. ఊళ్ళో సగం మంది మోకాళ్ళు బాగుచేసిన మనిషి నుదుటి మీద చెమట పట్టింది. ఆయన చెయ్యి వెనక్కి, గోడ పక్కనున్న కుర్చీ వైపు వెళ్ళింది.

"ఆ కుర్చీ ఇలా కాస్త జరుపు కాంతం."

"అది గుమ్మం దాటాల్సిన కుర్చీ. మాటిచ్చారు."

"చెయ్యన్నా ఇవ్వు."

లక్ష్మీకాంతం ఇవ్వలేదు. ఎంగిలి చెయ్యి కంచంలో కడుక్కుని, ఆయనకి ఎదురుగా కదలకుండా కూచుంది.

"నవంబరులో ఒకరోజు నేను వంటింట్లో ఇలాగే కూచున్నాను. పదింటినుంచి రెండింటి దాకా."

ఆమె మెట్ల గురించి, మేడ మీద మోగిన ఫోను గురించి, ఫ్రిజ్ గురించి చెప్పింది. పులులూ పిచ్చుకలూ ఏవీ లేకుండా, రెండు నిమిషాల్లో చెప్పేసింది. రంగనాథ్ లేవడం మరిచిపోయి విన్నాడు.

"నిజమేనా? నీ కథల్లో ఒకటా?"

"కథయితే నాలుగు గంటలని ఎందుకు చెబుతాను? నాలుగు రోజులని చెప్పేదాన్ని."

రంగనాథ్ చూపు తెరిచి ఉన్న వంటింటి గుమ్మంలోంచి కింది ప్రెస్ మీదకి, తాను స్క్రూలు బిగించిన పిడి మీదకి వెళ్ళింది. ఫోన్ చేసింది నేనే, ఆ రోజు మూడుసార్లు చేశాను, తియ్యలేదేమని అడగడం మరిచిపోయాను అన్నాడు. ఆ గొంతు ఎక్స్‌రే గొంతు కాదు.

"అడిగినా చెప్పేదాన్ని కాదు. అప్పుడే ఆ కుర్చీ తెచ్చి ఉండేవారు."

ఆమె కంచాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి పక్కకి జరిపింది. ఎడం చెయ్యి నేలకి ఆనించి, ఒరిగి, తిరిగి, మూలిగి, ఆయన చూస్తుండగా లేచి నిలబడింది. రెండు మీటర్లు ఉంటుందని తోచినంత దూరం వెనక్కి నడిచి, చేతులు కట్టుకుంది.

"ముందు ఎడం చెయ్యి ఆనించండి. కాదు, ఆ చెయ్యి కాదు, ఎడం చెయ్యి. ఏం, మీ ఇంట్లోనూ ఉండేదా తొడపాశం పెట్టే బామ్మ?"

"మా నాయనమ్మ," అన్నాడు రంగనాథ్, తొడ తడుముకుంటూ.

"ఆవిడ చూడదు లెండి. ఆనించండి."